ఎండ అగ్గిపుల్ల గీయదు

మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో మన దేశంలో రెండు వాతావరణ జోస్యాలు కొద్ది రోజుల తేడాతో వెలువడుతుంటాయి. ఒకటి ఉగాది నాటి పంచాంగ శ్రవణం. గుళ్లో, టీవీలో, ప్రభుత్వ వేదిక మీద కూడా చదువుతారు. రెండోది భారత వాతావరణ శాఖ ఏప్రిల్ నుంచి జూన్ దాకా వేసవి ఎలా ఉండబోతుందో చెప్పే అంచనా. మొదటిదానికి శాలువాలు, సంభావనలు. రెండోదానికి పేపర్లో లోపలి పేజీలో నాలుగు వాక్యాలు. ఈ రెండు జోస్యాల చరిత్రనూ, ఏటా అదే కాలంలో కాలిపోతున్న మన అడవుల చరిత్రనూ ఒకచోట పెట్టి చూద్దామని ఈ వ్యాసం.

నేను చదివింది బి.కాం. డిఫెన్స్ అకౌంట్స్‌లో పని చేసి రిటైరయ్యాను. వాతావరణ శాస్త్రం నా సబ్జెక్టు కాదు. నాకు తెలిసిన పరీక్ష ఒక్కటే: ముందు రాసిన అంకెను తర్వాత సరిచూడగలమా, లేదా? సరిచూడటానికి వీల్లేని అంకెను ఏ ఆడిటరూ ఒప్పుకోడు. జోస్యానికైనా ఇదే న్యాయం వర్తించాలి.

ముందు పంచాంగం సంగతి. ఆ ఏటికి రాజెవరు, మంత్రెవరు, మేఘాధిపతి ఎవరు, ఎన్ని ఆఢకాల వాన, అందులో సముద్రం మీద ఎంత, కొండల మీద ఎంత, నేల మీద ఎంత అని చదువుతారు. వినేవాళ్లలో ఎక్కువ మంది ఇదేదో గ్రహాలను గుణించి తీసిన ఫలితం అనుకుంటారు. అసలు పద్ధతి అంతకంటే చాలా తేలిక. చైత్ర శుద్ధ పాడ్యమి ఏ వారం వస్తే ఆ వారాధిపతే రాజు. సూర్యుడు మేషంలో ప్రవేశించిన వారానికి అధిపతి మంత్రి. ఆర్ద్రలో ప్రవేశించిన వారానికి అధిపతి మేఘాధిపతి. అంటే వాన ఆధారపడేది గాలి మీదా, సముద్రం మీదా కాదు, వారం పేరు మీద!

సరిచూద్దాం. 2021లో ఉగాది ఏప్రిల్ 13న, మంగళవారం వచ్చింది. కాబట్టి ప్లవ నామ సంవత్సరానికి రాజు కుజుడు. కుజుడంటే అగ్ని, ఎండ, ఎరుపు. 2022 మార్చి ఆ సంవత్సరం చివర్లోనే వచ్చింది. దేశం మొత్తం సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత ఆ నెల 33.10 డిగ్రీలు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో మార్చి నెలకు అదే అత్యధికం. వాన మామూలు కంటే 71 శాతం తక్కువ. "చూశారా, కుజుడి ప్రతాపం" అనే మిత్రులు తప్పకుండా ఉంటారు. మరి అదే కుజుడి ఏలుబడిలో, గద్దెనెక్కిన నెల తర్వాత, 2021 మే వచ్చింది. 1901 తర్వాత దేశ సగటు పగటి ఉష్ణోగ్రత అతి తక్కువగా నమోదైన మే నెలల్లో దానిది నాలుగో స్థానం. రెండు తుపానులు వచ్చి వానలు ముంచెత్తాయి. ఒకే రాజు, ఒకే సంవత్సరం, రెండు వ్యతిరేక ఫలితాలు. జమ, ఖర్చు రెండు వైపులా రాయకుండా ఒక్క వైపే చదివితే ఏ ఖాతా అయినా లాభంలోనే కనపడుతుంది.

పంచాంగంలో కార్తెల సంగతి కొంచెం వేరు. దాన్ని ఇదే గాటన కట్టడం న్యాయం కాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట వెనక రైతు అనుభవం ఉంది. కార్తె అంటే సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న లెక్క గనక, అది ఏటా ఇంచుమించు అదే తేదీకి వస్తుంది. మే 25 ప్రాంతంలో మనకు ఎండలు ముదరడమూ నిజమే. కాని కార్తె చెప్పేది అన్ని ఏళ్లకూ పనికొచ్చే సగటు. ఈ ఏడు ఫిబ్రవరిలోనే ఎండ ముదురుతుందా, చలికాలపు వానలు ఎగ్గొట్టాయా అన్నది కార్తె చెప్పలేదు. పైగా నక్షత్రాలను బట్టి కట్టిన సంవత్సరం రుతువులతో పూర్తిగా కలవదు. సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున జారుతుంది. వరాహమిహిరుడి కాలం నుంచి ఇప్పటికి ఆ జారుడు దాదాపు మూడు వారాలైంది. ఆకాశం తప్పు చేయలేదు, మనమే పాత చిట్టా తిరగరాయలేదు.

ఇక రెండో జోస్యం. దాని చరిత్ర గొప్ప విజయాల చరిత్ర అనుకుంటే పొరపాటు. 1875లో ఏర్పడిన వాతావరణ శాఖకు మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్. హిమాలయాల మీద మంచు ఎక్కువ పడితే ఆ తర్వాతి రుతుపవనం బలహీనపడుతుందని ఆయన గమనించి, 1880లలో దాని ఆధారంగా ముందస్తు అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టాడు. తర్వాత వచ్చిన జాన్ ఎలియట్ ఆ మంచుకు ఇంకా అనేక సంగతులు జోడించి పేజీల కొద్దీ అంచనాలు రాశాడు. 1899లో వానలు బాగుంటాయన్నాడు. ఆ ఏడే దేశాన్ని ఘోరమైన కరువు పట్టుకుంది. పత్రికలు దుమ్మెత్తి పోశాయి.

ఇక్కడే పంచాంగానికీ శాస్త్రానికీ తేడా బయటపడుతుంది. ఎలియట్ తర్వాత 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితవేత్త. ఆయన ప్రపంచం నలుమూలల పీడనం, ఉష్ణోగ్రత, వాన లెక్కలు తెప్పించి, దేనికీ దేనికీ సంబంధం ఉందో గుమస్తాల చేత కూడికలు, గుణకారాలు చేయించాడు. నిలబడని సంబంధాలను వదిలేశాడు. ఆ వెతుకులాటలోనే పసిఫిక్, హిందూ మహాసముద్రాల మీద పీడనం తక్కెడలా ఊగుతుందని 1920లలో తేల్చాడు. ఈనాడు ఎల్ నినో అని మనం పేపర్లో చదివే దానికి సగం పునాది అదే. తప్పిన జోస్యం నుంచి పుట్టిన పరిశోధన ఇది. మంగళవారం రాజు తప్పితే పంచాంగంలో ఏ సూత్రం మారింది?

ఇప్పటికీ తప్పులు జరుగుతాయి. 2009 ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఆ రుతుపవనానికి 96 శాతం వాన అన్నది, పడింది 78 శాతం. ఆ తేడాను ఆ శాఖే తన సీజను రిపోర్టులో రాసుకుంటుంది. 2016 నుంచి వేసవికి కూడా ముందస్తు అంచనా ఇస్తున్నారు. అందులో "ఫలానా రోజున ఇన్ని డిగ్రీలు" అని ఉండదు. ఫలానా ప్రాంతంలో మామూలు కంటే ఎక్కువ వేడి ఉండే అవకాశం ఎంత అని ఉంటుంది. ఆ "అవకాశం" అన్న మాటే జనానికి రుచించదు. ఖచ్చితంగా అబద్ధం చెప్పేవాడికి ఉన్న గౌరవం, లెక్కగా సందేహం చెప్పేవాడికి ఉండదు.

ఇక అడవి దగ్గరకు వద్దాం. వేసవి అంచనా అసలు అవసరం అక్కడే ఎక్కువ. పశ్చిమం నుంచి వచ్చే చలికాలపు గాలివానలు బలహీనపడితే ఉత్తరాఖండ్, హిమాచల్ కొండల మీద మంచు, వాన తగ్గిపోతాయి. ఫిబ్రవరిలోనే నేల పొడిబారుతుంది. చీర్ పైన్ చెట్లు రాల్చే సూదుల్లాంటి ఆకులను అక్కడ పిరుల్ అంటారు. వేసవికి అవి జానెడు మందాన పరుచుకుంటాయి. మన వైపు నల్లమలలో, శేషాచలంలో, మధ్య భారతంలో టేకు, మద్ది, వెదురు ఆకు రాల్చి అదే స్థితికి వస్తాయి. భారత అటవీ సర్వే లెక్క ప్రకారం దేశంలోని అడవిలో మూడో వంతుకు పైగా తరచు నిప్పు పడే ప్రాంతమే. వేడెక్కుతున్న భూమి దీన్ని ఇంకా పెంచుతోంది. 2022 మార్చి, ఏప్రిల్ నెలల్లో భారత్, పాకిస్తాన్‌లలో వచ్చిన వేడి మానవ కారణాల వల్ల సుమారు 30 రెట్లు ఎక్కువ సంభావ్యమైందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం ఒకటి లెక్కగట్టింది. ఇది కాదనే హేతువాది ఎవరూ ఉండకూడదు.

కాని ఎండ అగ్గిపుల్ల గీయదు. ఎండిన ఆకు దానంతటది అంటుకోవాలంటే కావలసిన వేడి వందల డిగ్రీలు. మన రికార్డు ఎండలన్నీ 50కి అటూ ఇటూ. వెదుళ్లు ఒకదానికొకటి రాసుకుని దావానలం పుడుతుందన్నది మనం చిన్నప్పటి నుంచి వింటున్న మాట. అదే నిజమైతే మనిషి అడుగు పడని కీకారణ్యాలు ముందు కాలాలి. జరిగేది తలకిందులు. దారుల పక్కన, పొలాల అంచున, ఊళ్లకు దగ్గరగా ఉన్న అడవే ఎక్కువ కాలుతుంది. మన దేశంలో అడవి మంటలు దాదాపు అన్నీ మనుషుల చేతి నుంచి వచ్చినవేనని 2018లో కేంద్ర పర్యావరణ శాఖ, ప్రపంచ బ్యాంకు కలిసి ఇచ్చిన రిపోర్టు కూడా చెప్పింది. ఇప్పపూలు ఏరడానికి చెట్టు కింద చెత్త కాల్చేవాళ్లు, తునికాకు చిగురు కోసం నిప్పు పెట్టేవాళ్లు, పశువుల మేతకు కొత్త గడ్డి కోసం అంటించేవాళ్లు, ఆర్పని బీడీ విసిరేవాళ్లు, కక్షతో తగలబెట్టేవాళ్లు కారకులు.

నాకు అర్థమైన భాషలో చెప్పాలంటే ఎండ వడ్డీ రేటు, నిప్పురవ్వ అసలు. రేటు ఎంత పెరిగినా అసలు సున్నా అయితే వడ్డీ పుట్టదు. అసలు ఉన్నప్పుడు మాత్రం రేటు పెరిగితే కొంప కొల్లేరవుతుంది.

ఈ మాటకు చరిత్రలో పెద్ద సాక్ష్యం 1921లో కుమావోఁలో ఉంది. ఆ కొండల్లో రైతులు తరతరాలుగా కొత్త గడ్డి మొలవడానికి చలికాలం చివర పలచగా నిప్పు పెట్టేవారు. 1911 నుంచి 1917 దాకా బ్రిటిష్ ప్రభుత్వం అక్కడి అడవులను రిజర్వు కింద చేర్చుకుంటూ పోయింది. పైన్ అంటే వాళ్లకు రైలు స్లీపర్లు, జిగురు, టర్పెంటైన్. నిప్పు పెడితే నేరం, మేపితే నేరం, కొమ్మ కొడితే నేరం. పైగా తెల్లదొరలు పర్యటనకు వస్తే వాళ్ల సామాను ఊరి జనం మోయాలి, దాని పేరు బేగార్. 1921 జనవరిలో బాగేశ్వర్ సంక్రాంతి తిరునాళ్లలో బదరీ దత్ పాండే నాయకత్వంలో వేలమంది కూడి, ఇక మోయం అని ప్రతిజ్ఞ చేసి, ఆ వంతుల రిజిస్టర్లను సరయూ నదిలో పారేశారు. జీవితమంతా రిజిస్టర్ల మధ్య గడిపిన నాకు కూడా ఆ దృశ్యం తలచుకుంటే సంతోషమే.

ఆ వేసవిలో కుమావోఁ అడవులు మండాయి. ఒకటీ రెండూ కాదు, వందల చోట్ల. అంతకు ముందు ఏడు, 1920లో దేశమంతటా రుతుపవనం దెబ్బతింది. కాబట్టి "కరువు ఏడు, అడవి ఎండింది, కాలింది" అని రాసి ఫైలు మూసేయవచ్చు. కాని ఆ చరిత్రను తవ్వి తీసిన రామచంద్ర గుహ ఒక ముఖ్యమైన సంగతి చూపించాడు. కాలింది ప్రధానంగా ప్రభుత్వానికి డబ్బు తెచ్చే పైన్ అడవి. అదే అటవీ శాఖ కింద ఉన్న, రైతుకు మేత, ఎరువు ఇచ్చే వెడల్పాకు అడవులు చాలావరకు చెక్కు చెదరలేదు. ఎండ రెండింటి మీదా ఒకేలా కాసింది కదా, మంట ఎందుకు ఎంచుకుంది?

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. పైన్ సూదుల్లో జిగురు ఉంటుంది, అవి తొందరగా అంటుకుంటాయి. చల్లని నీడలో ఉండే సిందూర జాతి చెట్ల కింద తేమ నిలుస్తుంది. కాబట్టి మంట ఎంచుకోవడంలో చెట్టు స్వభావం పాలు కొంత ఉంది. కాని ఆ స్వభావం అంతకు ముందు ఏళ్లలోనూ ఉంది. 1921లో కొత్తగా వచ్చి చేరింది జనం కోపం. కావాలని పెట్టిన మంటలు వందల్లో ఉన్నాయని అప్పటి అటవీ శాఖే రాసుకుంది. ఎండిన అడవి, రాజుకున్న కోపం రెండూ ఒకే వేసవిలో కలిశాయి. ఏ ఒక్కదానితో లెక్క పూర్తి కాదు.

ప్రభుత్వం ఏం చేసిందన్నది ఇంకా ఆసక్తికరం. యజ్ఞం చేయలేదు. కమిషనర్ విండమ్ అధ్యక్షతన ఫిర్యాదుల కమిటీ వేసింది. దాని ఫలితంగా రిజర్వులో కలిపిన అడవిలో కొంత భాగాన్ని అటవీ శాఖ చేతి నుంచి తీసి రెవెన్యూకు ఇచ్చారు. 1931లో వన పంచాయతీ నియమాలు వచ్చాయి. మంటకు మూలం మనిషి అని ఒప్పుకున్నాక మందు కూడా మనుషుల మధ్యే దొరికింది. వలస ప్రభుత్వానికి కూడా ఆపాటి తెలివి కలిగింది, వేలు కాలాక.

నిప్పు మీద సర్కారు నమ్మకాలు కూడా సైన్సేమీ కాదు. 1860లలో మధ్య పరగణాల బోరీ అడవిలో పియర్సన్ అనే అధికారి నిప్పు పూర్తిగా అరికట్టి చూపించాక, నిప్పు అంటేనే శత్రువు అన్నది అటవీ శాఖకు వేదవాక్యమైంది. 1896లోనే బర్మాలో పనిచేసిన స్లేడ్ అనే అధికారి, నిప్పు అరికట్టడం మితిమీరి టేకు మొలకలు పొదల కింద ఊపిరాడక చస్తున్నాయని ఇండియన్ ఫారెస్టర్ పత్రికలో రాశాడు. పై అధికారులు ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. మూఢనమ్మకానికి కాషాయమే అక్కర్లేదు, ఖాకీ కూడా సరిపోతుంది.

మన తెలుగు నేల మీద కూడా అదే కథ. ఏజెన్సీలో వానల ముందు కొండ వాలు కొట్టి కాల్చి విత్తే పోడును 1882 మద్రాసు అటవీ చట్టం అణిచివేసింది. 1921లో పల్నాడులో పుల్లరి కట్టం అన్నారు, కన్నెగంటి హనుమంతు ప్రాణం పోయింది. 1922 నుంచి 1924 దాకా మన్యం తిరగబడింది. అడవి ఎవరిది అన్న ప్రశ్న తేలకుండా అడవిలో నిప్పు సంగతి తేలదు. ఇక్కడా అంతే, కుమావోఁలోనూ అంతే.

వందేళ్లు గడిచాయి. 2004 నుంచి భారత అటవీ సర్వే ఉపగ్రహాల సాయంతో మంట పడిన చోటు కనిపెట్టి కబురు పంపుతోంది. వాన, ఎండ, తేమ లెక్కలతో ముందస్తు హెచ్చరికలూ ఇస్తోంది. కాబట్టి తెలియక జరిగింది అనే సాకు లేదు. అయినా 2014 మార్చిలో శేషాచలం కాలితే వాయుసేన హెలికాప్టర్లు రావలసి వచ్చింది. 2016 ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్‌లోనూ అంతే. 2018 మార్చి 11న తమిళనాడులో తేని జిల్లా కురంగణి కొండల్లో మంటల మధ్య చిక్కుకుని ఇరవై మందికి పైగా ట్రెక్కింగుకు వెళ్లినవాళ్లు చనిపోయారు.

2024 వేసవి చూడండి. ఉత్తరాఖండ్ అడవులు మండుతుంటే సంగతి సుప్రీంకోర్టుకు చేరింది. మేఘమథనం మీదా, వాన దేవుడి మీదా ఆధారపడటం పరిష్కారం కాదని ధర్మాసనం వ్యాఖ్యానించింది. మన సంఘం కరపత్రంలో వేసుకోదగ్గ మాట! అంతటితో ఆగలేదు. అటవీ సిబ్బందిని మంటల కాలంలో ఎన్నికల డ్యూటీకి ఎందుకు పంపారు, 10 కోట్లు అడిగితే 3.15 కోట్లే ఎందుకు ఇచ్చారు అని అడిగింది. అవి వాతావరణం మీద ప్రశ్నలు కావు, హాజరు పట్టీ మీదా, పద్దు పుస్తకం మీదా ప్రశ్నలు.

2025 ఫిబ్రవరిలో కాగ్ రిపోర్టు వచ్చింది. అడవి నరికినందుకు ప్రతిగా మొక్కలు పెంచడానికి వసూలు చేసిన నిధిలోంచి 2019-22 మధ్య ఉత్తరాఖండ్‌లో 13.86 కోట్ల రూపాయలు సంబంధం లేని పనులకు మళ్లాయని అందులో ఉంది. ఐఫోన్లు, లాప్‌టాప్‌లు, ఫ్రిజ్‌లు, కూలర్లు కొన్నారు. ఆ డబ్బంతా మంటలు ఆర్పేవాళ్లదని నేను అనడం లేదు, లెక్కను లెక్కగానే చెప్పాలి. కాని అడవి పేరు మీద వచ్చిన డబ్బుతో ఆఫీసుకు కూలరు వచ్చిన రాష్ట్రంలోనే, 2024 జూన్ 13న అల్మోరా జిల్లా బిన్సర్ అభయారణ్యంలో మంట ఆర్పడానికి వెళ్లిన నలుగురు అక్కడికక్కడే కాలిపోయారు. పెద్ద ఆఫీసర్లు కారు. బీటు ఉద్యోగి, కాపలావాడు, రోజు కూలీ లాంటివాళ్లు. 1921లో మండిన కుమావోఁ కొండలే అవి.

అందుకే నాకొక కొత్త భయం పట్టుకుంది. పూర్వం అడవి కాలితే గ్రహచారం అనేవారు. ఇప్పుడు మంత్రులు, అధికారులు "వాతావరణ మార్పు" అంటున్నారు. మొదటిది అబద్ధం, రెండోది నిజం. కాని నిజాన్ని కూడా అబద్ధం వాడినట్టే వాడవచ్చు. "మన చేతిలో ఏముంది" అనడానికి పనికొస్తే వాతావరణ మార్పు కూడా శని దశ లాంటిదే అవుతుంది. వేడి పెరిగిందన్నది బాధ్యత పెరిగిందనడానికి కారణం కావాలి గాని, తప్పించుకోవడానికి వీలు కాకూడదు.

హేతువాదులం మనం ఉగాది నాడు పంచాంగాన్ని వెక్కిరించి ఊరుకుంటే సగం పనే చేసినట్టు. ఇకనుంచి వేసవి అంచనా వెలువడిన రోజున ఆ కాగితం దాచుకుందాం. మీ జిల్లాలో అడవి ఉంటే సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు వేయండి. అగ్గి కంచెలు ఎన్ని కిలోమీటర్లు, ఏ తారీఖుకు శుభ్రం చేశారు? కాపలా కూలీలను ఎంతమందిని పెట్టారు, వాళ్ల కూలి ఏ నెల దాకా ఇచ్చారు? వాళ్ల కాళ్లకు బూట్లు, చేతికి పనిముట్లు ఉన్నాయా? ఉపగ్రహం నుంచి కబురు వచ్చాక మనిషి చేరడానికి ఎన్ని గంటలు పట్టింది? జూన్‌లో వానలు పడ్డాక ఆ జవాబులనూ, వాతావరణ శాఖ అంచనానూ, కాలిన ఎకరాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి అంకె తప్పిందో ఏ జ్యోతిష్కుడూ చెప్పనక్కర్లేదు.